కస్టమర్ మాట వినడం ఎలా? ముందు మొహమాటం దాటాలి

ప్రొడక్ట్ మేనేజర్‌గా, అంటే యాప్‌లో ఏం ఉండాలో తేల్చే మనిషిగా, చేరిన ప్రతి ఒక్కరూ మొదటి వారంలోనే ఒక గూగుల్ ఫామ్ తయారుచేసి, 'మా యాప్ మీకు నచ్చిందా?' అని వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తారు. దయచేసి ఆ పని మానండి. ఫామ్ నింపేది తీరిక ఉన్నవాళ్లు. మనం కలవాల్సింది తీరిక లేనివాళ్లను.

సరంజామా

చిన్న నోటుపుస్తకం, పెన్ను, తోడుగా ఇంకో మనిషి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. ముగ్గురు వెళ్తే జీఎస్టీ వాళ్లొచ్చారనుకుంటారు. లాప్‌టాప్ వద్దు. రికార్డు చేయాలంటే అడిగి చేయండి. నేనైతే చేయను, ఫోన్ ఎదురుగా పెట్టగానే మనిషి గొంతు మారిపోతుంది.

ఎవరిని, ఎప్పుడు

మీ ప్రొడక్ట్ వాడేవాళ్లు ముగ్గురు, వాడి మానేసినవాళ్లు నలుగురు. మానేసినవాళ్లే ఎక్కువ ఉండాలి. డిజైన్‌లో లోపాలు పట్టడానికి ఐదుగురితో వాడించి చూస్తే చాలని, వెబ్‌సైట్ల వాడకంలో తేలికను పరీక్షించే నిపుణుడు యాకోబ్ నీల్సన్ 2000లోనే రాశారు. మనది అంతకన్నా గజిబిజి వ్యవహారం కాబట్టి ఏడుగురు. కిరాణా కొట్టయితే ఉదయం పదకొండు తర్వాత వెళ్లండి. పాల ప్యాకెట్ల వేళ వెళ్తే తిట్లే.

అసలు చిక్కు

ఇక్కడే అందరూ చెడగొడతారు. మన దగ్గర ఎదురుగా కూర్చున్న మనిషితో 'మీది బాగాలేదు' అనేవాళ్లు అరుదు. టీ తెప్పిస్తారు, యాప్ చూస్తారు, 'మస్తుంది తమ్మీ, చూద్దాం' అంటారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అన్నారంటే ఏమిటో మనకు తెలుసు కదా, ఈ 'చూద్దాం' కూడా అదే. కొత్తవాళ్లు దాన్ని 'ఆసక్తి చూపారు' అని రిపోర్టులో రాసేస్తారు.

నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. కొన్నేళ్ల కిందట కిరాణా కొట్ల అరువు పద్దులు రాసే యాప్ ఒకటి చేస్తున్నాం. 'బాకీ ఉన్నవాళ్లకు నెలాఖరున దానంతటదే మెసేజ్ వెళ్తే వాడతారా?' అని హైదరాబాద్‌లో పన్నెండు కొట్లలో అడిగాను. పన్నెండు మందీ 'ఎందుకు వాడం' అన్నారు. రెండు నెలలు కూర్చుని చేశాం. వాళ్లలో ఒక్కరూ దాన్ని ఆన్ చేయలేదు.

వాళ్లలో ఒకాయన కొట్టుకు మళ్లీ వెళ్లాను. ఈసారి యాప్ ఊసెత్తలేదు. 'అన్నా, చివరిసారి అరువు డబ్బు ఎవరు కట్టారు? ఆ రోజు ఏం జరిగింది?' అని మాత్రం అడిగాను. ఆయన గల్లాపెట్టె పక్కనుంచి పొడుగాటి పుస్తకం తీశాడు. పేజీ పైన మనిషి పేరు లేదు, 'నీలం గేటు' అని ఉంది. తర్వాతి పేజీ 'స్కూటీ మేడమ్'. ఫోన్ నంబరు ఎక్కడా లేదు. మా యాప్ మొదట అడిగేదే నంబరు! 'నీలం గేటాయనకు మెసేజ్ పెడితే పరువు తీసినట్టే గదా తమ్మీ. రేపటిసంది పక్క దుకాణానికి పోతడు' అన్నాడు. మరి బాకీ ఎలా అడుగుతారు? నీలం గేటాయన సామాన్లకు వచ్చినప్పుడు ఆ పేజీ తెరిచి కౌంటర్ మీద పెడతాడట. నోటితో ఒక్క మాట అనడు.

అప్పటినుంచి నా దగ్గర ఒకటే రూలు: 'తారా' అని ముగిసే ప్రశ్న నోట రానివ్వకూడదు. వాడతారా, కొంటారా, డబ్బులిస్తారా, ఏదీ వద్దు. వాటికి మొహమాటమే జవాబు చెబుతుంది. 'మొన్న', 'చివరిసారి', 'ఆ రోజు' అంటూ మొదలుపెట్టండి. జరిగిపోయిన దాని గురించి మొహమాటపడాల్సిన పనుండదు.

ఎదుటి మనిషి చెప్పడం అయిపోయిందనిపించాక మనసులో పది లెక్కపెట్టండి. ఈ పది అంకెలు చాలా కష్టం, నాకు ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది. మీరు నోరు తెరిస్తే అక్కడితో ఆగిపోతుంది. తెరవకపోతే, చాలాసార్లు అసలు సంగతి ఏడో ఎనిమిదో అంకె దగ్గర బయటికొస్తుంది. 'ఫలానా బటన్ పెట్టండి సార్' అన్నారనుకోండి, వెంటనే రాసుకోకండి. 'అది లేక మొన్న ఏం చేశారు?' అని అడగండి. ఏమీ చేయలేదంటే అది అంత పెద్ద బాధ కాదన్నమాట.

ఈ పద్ధతి నా సొంత పిచ్చి అనుకోవద్దు. కెన్యాలో ఎం-పెసా అనే మొబైల్ ఫోన్ సేవను 2005లో చిన్న రుణాల వాయిదాలు కట్టడానికని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. జనం దాంతో ఒకరికొకరు డబ్బు పంపుకోసాగారు. దాన్ని గమనించారు కాబట్టే 2007లో డబ్బు పంపే సేవగా తెచ్చారు. 'డబ్బు పంపుకుంటారా' అని ఫామ్‌లో అడిగి కనిపెట్టిన సంగతి కాదది.

తిరిగొచ్చాక

వచ్చేముందు కొట్లో ఏదో ఒకటి కొనండి, వాళ్ల టీ తాగి ఊరికే రావద్దు. విన్నది అదే రోజు, వాళ్ల మాటల్లోనే రాయండి. 'నీలం గేటు'ను 'కస్టమర్ ఐడెంటిఫయర్' అని రాశారంటే మీరు వెళ్లొచ్చింది దండగ. మేము ఆ పదాన్ని అలాగే గోడ మీద అంటించాం. మెసేజ్ కోసం పడ్డ రెండు నెలల కష్టం చెత్తబుట్టలోకి పోయింది. నంబరు లేకపోయినా ఫర్వాలేదు, పేరు గడిలో ఏం రాసినా సరే అనేలా మార్చడానికి ఒక్క పూట పట్టింది.