పాత గుంట పక్కన రిగ్గు కాలు దించాలంటే ఏం చూసుకోవాల

రొయ్యల పట్టుబడి అయినాక నీళ్లు వదిలేసిన గుంటలో దిగి నడిచారా ఎప్పుడన్నా? ముందు పోయినోడి కాలు దిగబడి లేచిన చోట అంచు మీద మీ పాదం పడిందంటే సగం గట్టిలో సగం మెత్తట్లో, కాలు మెలిక పడి ఆ గుంటలోకే లాగేస్తది. జాకప్ రిగ్గుకి, అంటే సముద్రం అడుగున కాళ్లు దించి నిలబడి బావి తవ్వే రిగ్గుకి, ముందొచ్చిన రిగ్గు కాలు లాగేసిన గుంట పక్కన జరిగేది అచ్చం ఇదే. కాకపోతే ఆడ పాదం స్పడ్‌క్యాన్, వెడల్పు 10 నుంచి 20 మీటర్లు, పైన మోసేది వేల టన్నులు. మన నెల్లూరు, ఒంగోలు పక్క పిల్లోళ్లు ఇప్పుడు రిగ్గుల మీదకి, సర్వే బోట్ల మీదకి బాగానే వస్తా ఉండారు, వాళ్ల కోసం రాస్తన్నా.

ముందు ఇంట్లో ఒకసారి చేసి చూడండి, పుస్తకం చదివితే రాని సంగతి చేతికి తెలుస్తది. లీవుకి వచ్చినప్పుడు ముత్తుకూరు దగ్గర గుంట గట్టు కింద నుంచి బంకమన్ను తెచ్చి ప్లాస్టిక్ బేసిన్‌లో జానెడు లోతు సర్ది పైన కాస్త నీళ్లు పోశా. స్టీలు గ్లాసు లోపల కర్ర బిగించి, కర్ర కొన రెండు వేళ్లతో పట్టుకుని నాలుగు వేళ్ల లోతు నొక్కి లాగితే పచక్ మని చప్పుడొచ్చి గుంట పడింది, అంచులు నిదానంగా లోపలికి జారినాయి. ఆ జారిన మట్టి పిసికిన పిండి లాంటిది, చుట్టూ కదలని మట్టికున్న పట్టు దానికి ఉండదు. ఇప్పుడు గ్లాసుని సగం గుంట మీద సగం గట్టి మీద పెట్టి నొక్కండి. కర్ర గుంట వైపుకి వాలిపోతది, నిటారుగా పట్టుకోబోతే వేళ్ల మీద పక్కకి లాగే బలం స్పష్టంగా తెలుస్తది. రిగ్గు కాలుని వంచేది ఆ బలమే.

సెంట్రిఫ్యూజ్ మోడల్ టెస్టుల్లో (చిన్న మోడల్‌ని వేగంగా తిప్పి అసలు బరువు పుట్టించి చూసే పరీక్షల్లో) కూడా ఇదే తేలింది, పాత గుంట మధ్యకీ కొత్త కాలు మధ్యకీ దూరం స్పడ్‌క్యాన్ వెడల్పులో సగం నుంచి ఒక వెడల్పు దాకా ఉన్నప్పుడే ఎక్కువ ప్రమాదం. సరిగ్గా గుంట నడిమధ్యలో దింపితే పక్కకి లాగేది పెద్దగా ఉండదు. అంటే, పాత చోటే దింపు లేదా దూరంగా పో, మధ్యలో మాత్రం ఆగబాకు. దూరం అంటే ఎంతంటే, పాత గుంట అంచుకీ కొత్త పాదం అంచుకీ నడుమ కనీసం ఇంకో స్పడ్‌క్యాన్ పట్టేంత ఎడం ఉండాల.

మరి దూరంగా పోవచ్చు గదా అంటే, వెల్‌హెడ్ ప్లాట్‌ఫాం (బావుల పైకొనలు ఉండే కట్టడం) కదలదు, దాని పక్కనే నిలబడి పనిచెయ్యాల, మళ్లీ మళ్లీ అక్కడికే రావాల. పాత గుంటల్లోనే దింపుదామంటే వేరే డిజైన్ రిగ్గుకి కాళ్ల మధ్య దూరం వేరు, ఒక కాలు సరిపోతే మిగతా రెండూ సరిపోవు. అందుకే ఒక కాలు చూసి సంబరపడకుండా మూడు కాళ్లూ పేపర్ మీద గీసి, హెడింగ్ (రిగ్గు ముఖం ఉండే దిక్కు) కొంచెం తిప్పి తిప్పి చూసుకోండి.

రిగ్గు రాకముందే మల్టీబీమ్, సైడ్ స్కాన్ సోనార్ సర్వే (శబ్దంతో సముద్రం అడుగు ఎట్లుందో చూసేది) తీయించాల. పైన పూడుకుపోయి చదునుగా కనపడ్డా కింద మట్టి మెత్తగానే ఉండొచ్చు, కాబట్టి పాత రిగ్గు రికార్డులు అడిగి తీసుకోండి, గుంటలోనూ బయటా సీపీటీ (కోన్ కడ్డీని మట్టిలోకి నొక్కి గట్టితనం కొలిచే పరీక్ష) చేయించి రెండూ పోల్చండి. బంకమన్ను నీళ్లు పిండుకుని మళ్లీ బిగుసుకోడానికి నెలలు, ఏళ్లు పడతాయి, పాత గుంటే గదా ఈపాటికి గట్టిపడుంటదిలే అనుకోవద్దు, కొలవండి.

తప్పక అంచు మీదే దించాల్సి వస్తే స్టాంపింగ్ అని ఒక పద్ధతుంది, గట్టి పక్కన కాస్త దింపి లేపి, కొంచెం కొంచెం గుంట వైపుకి జరుగుతా మట్టిని లోపలికి నెట్టడం. టైం బాగా తింటది, వాతావరణం కలిసిరావాల. కంకర పోసి పూడుస్తారు కూడా, నాకు అది రెండో మాటే, ఎందుకంటే మెత్తటి మట్టి మధ్య గట్టి ముద్ద పెట్టినట్టయి తర్వాత వచ్చే రిగ్గుకి కొత్త తంటా అవుతది.

కాలు దించేటప్పుడు హల్‌ని, అంటే రిగ్గు పడవ లాంటి ఒంటిని, నీళ్లలోనే ఉంచి, తేలుబలం వదలకుండా, కొద్దికొద్దిగా బరువెయ్యండి. ఆర్‌పీడీ (ర్యాక్ ఫేజ్ డిఫరెన్స్) మీద కన్ను తియ్యబాకండి. ఒకే కాలిలో ఉండే కార్డ్‌ల (కాలి మూలల నిలువు స్తంభాల) ర్యాకులు (పళ్ల పట్టీలు) ఒకదానికంటే ఒకటి ఎంత పైకి కిందకి ఉన్నాయో అదే ఆర్‌పీడీ, అది పెరుగుతా ఉందంటే కాలు వంగుతా ఉన్నట్టే. రిగ్గు మాన్యువల్‌లో ఇచ్చిన లిమిట్ దగ్గరకి వస్తా ఉంటే ఆపేసి కాలు లేపి మళ్లీ పెట్టాల. ప్రీలోడ్ నీళ్లు (కాళ్లు దిగడానికి ట్యాంకుల్లో నింపే బరువు నీళ్లు) ఎక్కించి సరిచేద్దాంలే అంటే ఇంకా జారుద్ది, బ్రేసింగులు (కాలి అడ్డ కడ్డీలు) దెబ్బతింటాయి, హల్ పోయి ప్లాట్‌ఫాంకి తగిలే పరిస్థితి కూడా రావొచ్చు.

పని అయిపోయి వెళ్లేటప్పుడు మూడు కాళ్ల కోఆర్డినేట్లు, ఎంత లోతు దిగినాయి, ఏ తేదీన లాగారు, రాసిపెట్టి ప్లాట్‌ఫాం వాళ్లకి ఇచ్చి పోండి, తర్వాత వచ్చే రిగ్గోళ్లు ముందు వెతికేది ఆ కాగితం కోసమే.