లిస్బన్‌లో బెలెం టవర్‌ను ఎలా చూడాలి?

టేగస్ నది ఒడ్డున ఉన్న ఈ కోట బురుజును పోర్చుగల్ రాజు మాన్యువల్-1 కట్టించాడు. 1514 ప్రాంతంలో పని మొదలై 1519-20 నాటికి పూర్తయింది. వాస్కోడగామా ఈ బురుజును చూస్తూనే భారత్‌కు బయల్దేరాడని చెబుతుంటారు గానీ, అతను బెలెం రేవు విడిచిన 1497లో ఈ బురుజే లేదు.

ముందుగా తెరిచి ఉందో లేదో అధికారిక సైట్‌లో చూసుకోండి. సోమవారం సెలవు. మరమ్మతులకు నెలల తరబడి మూసే సందర్భాలూ ఉన్నాయి.

కైష్ దు సొద్రే స్టేషన్‌లో కష్కైష్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కి బెలెంలో దిగండి. కొన్ని రైళ్లు అక్కడ ఆగవు, బోర్డు చూసి ఎక్కాలి. దిగాక నది వెంబడి పడమరకు 20 నిమిషాల నడక. 15ఇ ట్రామ్ కూడా వెళ్తుంది. కాకపోతే రద్దీ ఎక్కువ, జేబుదొంగల బెడద ఉంది.

లోపలికి వెళ్లే ముందు పడమటి వైపు నడిచి చూడండి. అక్కడి కాపలా గూడు అడుగున ఖడ్గమృగం తల చెక్కి ఉంటుంది. గుజరాత్ సుల్తాన్ ఇచ్చిన ఖడ్గమృగం గోవా మీదుగా 1515లో లిస్బన్ చేరింది. దాని గుర్తే ఇది. రాయి బాగా అరిగిపోయింది, అందుకే చాలామంది చూడకుండానే దాటిపోతారు. మనవాళ్లు మాత్రం వదలకూడదు!

లోపల అసలు ఇబ్బంది మెట్లు. పైకీ కిందకీ ఒక్కటే ఇరుకు మెలిక మెట్లదారి, ఇద్దరు ఎదురుపడితే తప్పుకునే చోటు లేదు. అందుకే లైట్లు పెట్టి, ఒకసారి ఎక్కేవాళ్లను, ఒకసారి దిగేవాళ్లను వదులుతారు. మధ్యాహ్నానికి మెట్ల దగ్గరే క్యూ కడుతుంది. కాబట్టి తెరిచే వేళకే వచ్చి, కింది అంతస్తు తర్వాత చూడొచ్చని నేరుగా పై డాబాకు ఎక్కేయండి. రాజు గది, ప్రార్థన గది దిగేటప్పుడు చూడొచ్చు. వీపున పెద్ద సంచి వద్దు, గోడలకు రాసుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది భాగంతో ఆగడమే మంచిది.

ఆ కింది భాగమూ తక్కువేం కాదు. ఫిరంగుల రంధ్రాలు నీటిమట్టానికి దగ్గరగా ఉంటాయి, ఓడ పక్కభాగానికి గురిపెట్టడానికి. ఫిరంగి పొగ పోవడానికి నడుమ కప్పు లేకుండా వదిలేశారు. అక్కడ నిలబడి తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది.