నోడ్ యాప్ లాప్‌టాప్‌లో నడుస్తోంది, సర్వర్‌లో నడవడం లేదు

కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, అయినా సర్వర్‌లో డేటాబేస్ కనెక్ట్ కావడం లేదు. ఇలాంటప్పుడు కోడ్ తిరగేయకండి. ముందు ఆ ప్రాసెస్‌కి, అంటే నడుస్తున్న యాప్‌కి, బయటి నుంచి ఏ సెట్టింగ్ విలువలు (పాస్‌వర్డ్, పోర్ట్ లాంటివి) అందాయో చూడండి.

సమస్య: ఈ విలువలు రాసిపెట్టే డాట్ ఎన్వ్ (.env) ఫైల్ సర్వర్‌లో ఉంది, విలువలు మాత్రం అన్‌డిఫైన్డ్ (యాప్‌కి అందలేదు).

ఆ ఫైల్‌ని చదివే డాట్ఎన్వ్ (dotenv) ప్యాకేజీ మీ కోడ్ ఉన్న ఫోల్డర్‌లో వెతకదు. యాప్‌ని ఏ ఫోల్డర్ నుంచి స్టార్ట్ చేశారో అక్కడ వెతుకుతుంది. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో వర్కింగ్ డైరెక్టరీ చెప్పకపోతే సర్వీస్ రూట్ (/) ఫోల్డర్ నుంచి మొదలవుతుంది, అక్కడ మీ ఫైల్ ఉండదు. సర్వీస్ ఫైల్‌లో ఆ డైరెక్టరీ రాయండి, లేదా పూర్తి పాత్ ఇవ్వండి.

పాత్ సరిగ్గానే ఉంటే ఇంపోర్ట్‌ల వరస చూడండి. ఈఎస్ మాడ్యూల్స్‌లో (import అని రాసే పద్ధతిలో) ఇంపోర్ట్‌లన్నీ ముందు నడుస్తాయి, ఫైల్‌ని లోడ్ చేసే డాట్ఎన్వ్ కాన్ఫిగ్ ఫంక్షన్‌ని మీరు వాటి మధ్యలో ఎక్కడ రాసినా అది ఆ తర్వాతే నడుస్తుంది. అప్పటికే డేటాబేస్ మాడ్యూల్ పాస్‌వర్డ్ లేకుండానే తయారైపోయి ఉంటుంది. అందుకే ఫంక్షన్‌ని పిలవకుండా డాట్ఎన్వ్ కాన్ఫిగ్‌నే (dotenv/config) మొట్టమొదటి ఇంపోర్ట్‌గా పెట్టాలి. నోడ్ 20.6 నుంచి ఎన్వ్ ఫైల్ ఫ్లాగ్ (--env-file) ఉంది. దాంతో యాప్ కోడ్ మొదలయ్యేలోపే విలువలు వచ్చేస్తాయి. నేనిప్పుడు అదే వాడుతున్నాను.

సమస్య: ఫాల్స్ అని పెట్టినా ఫీచర్ ఆన్‌లోనే ఉంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇదే. కోడ్‌లో ఈ విలువలు దొరికే ప్రాసెస్ ఎన్వ్‌లో (process.env) ఉండేవన్నీ స్ట్రింగులే, అంటే అక్షరాల వరసలే. 'ఫాల్స్' అన్న మాట కూడా ఖాళీ కాని స్ట్రింగే కాబట్టి ఇఫ్ కండిషన్ దాన్ని ట్రూగానే తీసుకుంటుంది. ఒకసారి మా టెస్టింగ్ సర్వర్ నుంచి అసలు కస్టమర్లకు మెసేజ్‌లు వెళ్లిపోయాయి. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇంకెవరికీ వద్దు. విలువ 'ట్రూ' అన్న స్ట్రింగ్‌తో సరిగ్గా సమానమైతేనే ఆన్ అని రాయండి. పోర్ట్, టైమవుట్‌లను నంబర్‌గా మార్చాకే వాడండి. లేకపోతే 3000కి 1 కలిపితే 30001 అవుతుంది.

సమస్య: ఫైల్ మార్చినా పాత విలువే వస్తోంది.

షెల్‌లోనో కంటైనర్‌లోనో ఆ పేరు ముందే ఉంటే డాట్ఎన్వ్ దాన్ని మార్చదు. అక్కడే సరిచేయండి. యాప్‌ని నడిపించడానికి పీఎం2 అనే టూల్ వాడుతుంటే అప్‌డేట్ ఎన్వ్ ఫ్లాగ్‌తో (--update-env) రీస్టార్ట్ చేయాలి.

సమస్య: పాస్‌వర్డ్ సరైనదే, లాగిన్ కావడం లేదు.

అందులో హ్యాష్ గుర్తు (#) ఉందేమో చూడండి. కొటేషన్లు లేకపోతే అక్కడి నుంచి మిగతాది కామెంట్ అయిపోతుంది. అయితే డాకర్ రన్‌కి ఇచ్చే ఎన్వ్ ఫైల్‌లో కొటేషన్లు పెడితే అవి కూడా పాస్‌వర్డ్‌లో కలిసిపోతాయి.

ఇవన్నీ ముందే పట్టుబడాలంటే ఎన్వ్ విలువలన్నీ ఒకే ఫైల్‌లో చదవండి. ఒక్కటి లేకపోయినా యాప్ స్టార్ట్ కాకుండా ఆగిపోవాలి. ఏ వేరియబుల్ లేదో దాని పేరు లాగ్‌లో రాయండి. పాస్‌వర్డ్‌లు, కీల విలువలు మాత్రం ఎప్పుడూ రాయకండి.