స్పీకర్ కేబుల్ కొనే ముందు చూసుకోవాల్సినవి

▪ ముందు టేపు పట్టి దూరం కొలవండి. తీగ గాల్లో కాదు, గోడ వెంబడి, మూలలు తిరిగి వెళ్తుంది. ఆ దారినే కొలిచి, కాస్త అదనం కలుపుకోండి.

▪ స్పీకర్ వెనక ఎన్ని ఓమ్‌లని రాసుందో చూడండి. 8 ఓమ్‌లకు 16 గేజ్ రాగి తీగ సుమారు 15 మీటర్ల వరకు సరిపోతుంది; 4 ఓమ్‌లకైతే అందులో సగమే. అంతకు మించితే 14 లేదా 12 తీసుకోండి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది, ఇక్కడే చాలామంది పొరబడతారు.

▪ అసలు జాగ్రత్త రాగి విషయంలో. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగలు చాలా అమ్ముతున్నారు. ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే. దాని నిరోధం రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు, కాబట్టి వద్దనే చెప్తాను. బంగారు పూత పిన్నులకు ఎక్కువ డబ్బు పోయడం కన్నా స్వచ్ఛమైన రాగికి పెట్టడం మేలు.

▪ రెండు తీగల్లో ఒకదానికి గీతో, రంగో గుర్తుండాలి. ప్లస్, మైనస్ ఒక స్పీకర్‌కే తారుమారైతే బేస్ పలచబడుతుంది.

▪ బిగించేటప్పుడు ఆంప్లిఫైయర్ ఆఫ్‌లో ఉండాలి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా షార్ట్ అవుతుంది.