పదే పదే వచ్చే ఎర్రర్‌కు మూలం కనుక్కోవడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల్లో నెట్ సెంటర్లు నడిపేవారు కొందరు, ఒకే ఎర్రర్ పదే పదే వస్తే కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించేస్తారు. దానివల్ల కారణం తెలియదు సరికదా, దాన్ని పట్టిచ్చే లాగ్ (కంప్యూటర్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) కూడా చెరిగిపోతుంది.

ముందుగా, ఓకే నొక్కకముందే ఆ సందేశాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, సమయం రాసుకోండి. తరువాత స్టార్ట్ మెనూలో, ఆ లాగ్‌ను చూపే ఈవెంట్ వ్యూయర్‌ను వెతికి తెరిచి, విండోస్ లాగ్స్ కింద ఉన్న సిస్టమ్, అప్లికేషన్ విభాగాల్లో ఆ సమయానికే నమోదైన ఎర్రర్ల సోర్స్‌ను (దాన్ని నమోదు చేసిన భాగం పేరు), ఈవెంట్ ఐడీని (ఆ రకం ఎర్రర్‌కు ఇచ్చిన సంఖ్య) చూడండి. బాగా పనిచేసే కంప్యూటర్‌లోనూ కొన్ని ఎరుపు గుర్తులు ఉంటాయి కనుక కంగారు పడనక్కరలేదు. మీ సందేశం వచ్చిన ప్రతిసారీ కనిపించేదే అసలు ఆధారం.

ఉదాహరణకు సోర్స్ కెర్నల్ పవర్, ఈవెంట్ ఐడీ 41 అయితే, కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగి మళ్లీ మొదలైందని మాత్రమే అర్థం. ఆ వేళలు కరెంటు పోయిన వేళలతో సరిపోలితే యూపీఎస్ బ్యాటరీని, సరిపోలకపోతే ఎస్ఎంపీఎస్‌ను (కంప్యూటర్ లోపలి పవర్ సప్లైని), వేడిని అనుమానించాలి. డిస్క్ అనే సోర్స్‌తో ఈవెంట్ ఐడీ 7 కనిపిస్తే మాత్రం హార్డ్ డిస్క్‌లో కొంత భాగం పాడైనట్టే. మిగతా పరిశీలన పక్కన పెట్టి, ఫైళ్లన్నీ వెంటనే వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

ఇబ్బంది ఏ ప్రోగ్రాం ఎక్కించిన రోజు నుంచి మొదలైందో తేల్చుకోవడానికి, ఎర్రర్లను, ఎక్కించిన ప్రోగ్రాంలను తేదీలవారీగా చూపే, విండోస్‌లోనే ఉండే రిలయబిలిటీ మానిటర్ చాలు.