కంపెనీ దివాలాకి వెళ్తే రావలసిన జీతానికి క్లెయిమ్ వేయడం ఎలా

బెంగళూరులో ఉద్యోగం మానేసి నెల్లూరో గుంటూరో వచ్చేశాక, పాత కంపెనీ దివాలాకి వెళ్లిందని ఎవరో గ్రూపులో పెడతారు. రావలసిన జీతం కోసం హెచ్ఆర్‌కి మెయిల్ మీద మెయిల్ పెట్టడం అప్పటితో ఆపేయండి. కంపెనీ కేసులు చూసే జాతీయ ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ దివాలా పిటిషన్‌ను స్వీకరించిన రోజు నుంచి కంపెనీ పగ్గాలు డైరెక్టర్ల చేతిలో ఉండవు. ట్రిబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్, అందరూ ఆర్పీ అనేవారు, వాటిని తీసుకుంటారు. అదే రోజు మారటోరియం, అంటే కంపెనీ మీద వసూళ్లకు, కేసులకు తాత్కాలిక నిలుపుదల, మొదలవుతుంది కాబట్టి లేబర్ కోర్టులో మీరు వేసిన వసూలు కేసు కూడా ఆగిపోతుంది. మిగిలిన దారి ఆర్పీకి క్లెయిమ్ వేయడమే. బాకీ కంపెనీ పుస్తకాల్లో ఉందిగా అని ఊరుకోకండి.

ముందు కేసు ఎక్కడుందో చూడండి. మారతహళ్లి ఆఫీసులో పనిచేసినంత మాత్రాన కేసు బెంగళూరు బెంచిలోనే ఉండాలని లేదు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడి బెంచికే వెళ్తుంది. ఆఫర్ లెటర్ అడుగున చిన్న అక్షరాల్లో 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు సంఖ్య) ఉంటుంది. మొదటి అక్షరం, తర్వాతి ఐదు అంకెలు వదిలేస్తే వచ్చే రెండు అక్షరాలు రాష్ట్రాన్ని చెబుతాయి: కేఏ అంటే కర్ణాటక, టీఎన్ అంటే తమిళనాడు. కంపెనీ తర్వాత రిజిస్టర్డ్ ఆఫీసు మార్చి ఉండొచ్చు కాబట్టి కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైటులో ఒకసారి సరిచూసుకోండి. ఆర్పీ ఇచ్చే ప్రకటన ఒక ఇంగ్లీషు పేపర్లో, ఒక ప్రాంతీయ భాషా పేపర్లో వస్తుంది. బెంగళూరు కంపెనీ అయితే అది కన్నడ పేపరే, మన ఊళ్లో ఎవరికీ కనబడదు. దివాలా ప్రక్రియల నియంత్రణ సంస్థ ఐబీబీఐ సైటులో కంపెనీ పేరుతో వెతికితే మాత్రం దొరుకుతుంది. ఆర్పీ చిరునామా, ఈమెయిల్, చివరి తేదీ అన్నీ అందులోనే ఉంటాయి.

ఆర్పీని నియమించిన నాటి నుంచి 14 రోజులు గడువు. అది దాటినా వెంటనే తలుపు మూసుకోదు. 2023 సవరణ ప్రకారం, దివాలా ప్రక్రియ మొదలైన 90 రోజుల వరకు గానీ, రిజల్యూషన్ ప్లాన్లు (కంపెనీని తీసుకుని నిలబెట్టే ప్రతిపాదనలు) పిలిచే తేదీ వరకు గానీ, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా వేయొచ్చు. ఆలస్యానికి కారణం మాత్రం రాయాలి.

ఉద్యోగులకు ఫారం డి. చాలామంది ఫారం బి నింపి పంపుతారు, అది సరుకులు, సేవలు ఇచ్చిన వెండర్లది. వందమంది కలిసి వేయాలంటే మీ తరఫున ఒకరు ఫారం ఇ వేయొచ్చు.

అసలు కష్టం లెక్క దగ్గరే. ఫారంలో ఒక్క మొత్తమే అడుగుతారు, కానీ వేరే కాగితం మీద పద్దుల వారీగా చూపించండి. ఉదాహరణకు గ్రాస్ జీతం నెలకు 64,000, బేసిక్ 32,000, సర్వీసు 6 ఏళ్లు అనుకుందాం. మూడు నెలల జీతం 1,92,000. కంపెనీ పాలసీ బేసిక్ మీద డబ్బిస్తుంటే, మిగిలిన 18 రోజుల సెలవులకు 19,200. బిల్లులున్న ప్రయాణ ఖర్చు 7,450. గ్రాట్యుటీ: 32,000ను 15తో, 6తో హెచ్చించి 26తో భాగిస్తే 1,10,769. మొత్తం 3,29,419. దివాలా ప్రక్రియ మొదలైన తేదీ వరకే లెక్క కట్టాలి. ఆ తేదీ తర్వాత కూడా పనిచేస్తే ఆ జీతం ఫారం డి లోకి రాదు. నడుస్తున్న కంపెనీలో నిజంగా పనిచేసిన రోజులకైతే అది ప్రక్రియ ఖర్చు కింద ముందే రావాలి.

పీఎఫ్ దగ్గర జాగ్రత్త. అసలు జీతమే రాని నెలలకు గ్రాస్ అడుగుతున్నారంటే ఉద్యోగి వాటా అందులోనే ఉంది, మళ్లీ కలిపితే రెండుసార్లు అడిగినట్టు. జీతం ఇచ్చి, పీఎఫ్ కోసి, ఈపీఎఫ్ఓకి కట్టని నెలలను మాత్రం విడిగా చూపాలి. పేస్లిప్ పక్కన పాస్‌బుక్ పెట్టుకుని నెల నెలా టిక్కు కొట్టుకుంటే ఖాళీలు బయటపడతాయి. ఆ ఖాళీల పట్టిక ఈపీఎఫ్ఓ ప్రాంతీయ కార్యాలయానికి కూడా పంపండి. కోసిన టీడీఎస్ కట్టారో లేదో ఫారం 26ఏఎస్‌లో తెలుస్తుంది.

రుజువుగా ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ జతచేయండి. జీతం ఆగిన నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు రాలేదని చూపేది అదే. కంపెనీ మెయిల్ ఆగిపోయి పేస్లిప్పులు దొరక్కపోతే, అంతకుముందు జీతం పడిన స్టేట్‌మెంట్, ఫారం 16 పనికొస్తాయి. "వచ్చే నెల ఇస్తాం" అని హెచ్ఆర్ రాసిన మెయిల్ దాచుకోండి. బాకీకి కాలపరిమితి మూడేళ్లు, ఆ లోపు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు కొత్తగా మొదలవుతుంది. కంపెనీ ల్యాప్‌టాప్ మీ దగ్గరే ఉంటే ఆర్పీకి అప్పగించి రసీదు తీసుకోండి, లేకపోతే దాని విలువ మీ బాకీలోంచి కోసే వీలుంది.

అన్నీ ఒకే పీడీఎఫ్‌గా ఈమెయిల్ చేసి, ఒక ప్రతి స్పీడ్ పోస్టులో పంపండి. చివరి తేదీ దాటిన ఏడు రోజుల్లో ఆర్పీ పరిశీలన పూర్తి చేసి రుణదాతల జాబితా పెట్టాలి. అందులో మీ పేరు, ఒప్పుకున్న మొత్తం చూడండి. తగ్గిస్తే కారణం రాతలో అడగండి. సమాధానం సరిగా లేకపోతే దివాలా చట్టం (ఐబీసీ) సెక్షన్ 60(5) కింద ఎన్‌సీఎల్‌టీలో అప్లికేషన్ వేయాలి. ఇక్కడ నాన్చవద్దు. ప్లాన్ ఆమోదం పొందాక అందులో లేని బాకీలు చెల్లిపోయినట్టేనని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఎంత వస్తుందన్నది వేరే సంగతి. కంపెనీ లిక్విడేషన్‌కి, అంటే మూసేసి ఆస్తులు అమ్మి పంచే దశకి వెళ్తే, వర్క్‌మెన్‌కి దానికి ముందరి 24 నెలల బకాయి సెక్యూర్డ్ బ్యాంకులతో (తాకట్టు మీద అప్పిచ్చినవాటితో) సమాన వరుసలో వస్తుంది. మిగతా ఉద్యోగులకు 12 నెలలదే, అదీ ఆ తర్వాతి వరుసలో. హోదా పేరు మేనేజర్ అని ఉన్నా, చూసేది నిజంగా చేసిన పనినే. సాంకేతిక పనో గుమాస్తా పనో చేసి ఉంటే వర్క్‌మన్ అని రాసి, ఆ పని వివరాలు జతచేయండి. లిక్విడేటర్ కొత్తగా ప్రకటన ఇస్తే దానికీ క్లెయిమ్ వేయండి, అక్కడ ఉద్యోగులకు ఫారం ఇ.

పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము సెక్షన్ 36(4) ప్రకారం లిక్విడేషన్‌లో పంచే ఆస్తిలోకే రాదు. జీతంతో కలిపి ఒకే ముద్దగా రాస్తే ఈ రక్షణ ఎంత మొత్తానికో ఎవరికీ తెలియదు, అందుకే విడిగా రాయమంటున్నాం.

ఫారంలో బ్యాంకు ఖాతా నంబరు రాసేటప్పుడు పాత శాలరీ అకౌంటు ఇవ్వకండి. జీతం పడటం ఆగిన ఖాతా ఏడాది రెండేళ్లు వాడకపోతే స్తంభించిపోవచ్చు, డబ్బొచ్చే నాటికి అది బతికుండాలి. చిరునామా మారినప్పుడల్లా ఆర్పీకి ఒక మెయిల్ పెట్టండి.