రోజుకు పది వేల వైరస్ టెస్టులు చేసే ల్యాబ్: ఎవరికి, ఏ వరుసలో దరఖాస్తు పెట్టాలి

ముందే ఒక మాట. ఆర్టీపీసీఆర్ (శాంపిల్‌లో వైరస్ ఉందో లేదో పట్టే పరీక్ష) మిషన్‌కి అడ్వాన్స్ కట్టేసి, దరఖాస్తు సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2020 వేసవిలో మా ల్యాబ్‌లో మిషన్ దిగి మూడు వారాలైనా పెట్టె విప్పలేదు, ఎందుకంటే దాన్ని పెట్టాల్సిన గది చూపించుకునేలా లేదు. రావడానికీ పోవడానికీ ఒకటే తలుపు. తనిఖీకి వచ్చిన మేడమ్ గారు లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే నిలబడి, "శాంపిల్ ఇటే వస్తుందా? చెత్త కూడా ఇటే పోతుందా?" అని రెండు ప్రశ్నలడిగి వెళ్లిపోయారు. అందుకే ఇది మిషన్ గురించిన పోస్టు కాదు. కాగితాలు ఏ వరుసలో కదలాలి, ఫారంలో ఒక్క లైనుగా కనబడేవి పనిలోకి దిగాక ఎలా కొండంత అవుతాయి, అదీ విషయం.

కోవిడ్ అప్పటి పద్ధతే చెబుతున్నా. ఇంకో వైరస్ వచ్చినప్పుడు ఫారాలు మారొచ్చు, లింకులు ఎలాగూ మారతాయి, గదులూ మనుషులూ చెత్తా మాత్రం ఇవే.

2020 జనవరిలో దేశం మొత్తానికీ కరోనా పరీక్ష చేసే చోటు పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ ఒక్కటే. తర్వాత హైదరాబాద్ గాంధీ, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల అప్పటికే ఉన్న వైరాలజీ ల్యాబులు కలిశాయి. మార్చి 21న ఐసీఎంఆర్, అంటే వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ, ప్రైవేటు ల్యాబులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తర్వాత లెక్క పెరుగుతూ పోయి మూడు వేల ల్యాబులు దాటింది. ఇన్నిటికీ అనుమతి ఒకే దారిలో రాలేదు. మెడికల్ కాలేజీ అయితే ఒక దారి, ప్రైవేటు ల్యాబ్ అయితే ఇంకో దారి. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోకుండా ఫారం డౌన్‌లోడ్ చేసి లాభం లేదు.

మెడికల్ కాలేజీల కోసం ఐసీఎంఆర్ మెంటర్ సంస్థల్ని పెట్టింది. ఢిల్లీ ఎయిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, పుదుచ్చేరి జిప్మర్ లాంటివి. కాలేజీ తన దగ్గర ఏముందో, ఏం లేదో రాసి మెంటర్‌కి పంపాలి, వాళ్లు చూసి లోపాలు చెబుతారు, స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తారు, అంతా సరిపోయిందనుకున్నాక ఐసీఎంఆర్‌కి సిఫారసు చేస్తారు. "లేదు" అని రాయాల్సిన చోట "ప్రాసెస్‌లో ఉంది" అని రాయకండి. ఎప్పటికి వస్తుంది, ఆర్డర్ కాపీ ఏది అని వెంటనే అడుగుతారు, అక్కడ దొరికిపోతారు.

ప్రైవేటు ల్యాబ్‌కి అసలు గేటు ఎన్ఏబీఎల్, అంటే ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు. ఆర్ఎన్ఏ వైరస్‌కి (కరోనా ఈ రకమే) రియల్ టైమ్ పీసీఆర్ చేయడానికి ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉంటేనే ఐసీఎంఆర్ దరఖాస్తు చూసేది. మీ ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ ఉందంటే సరిపోదు, షుగర్, థైరాయిడ్ టెస్టులకు ఉన్న గుర్తింపు ఇక్కడ పనికిరాదు. ఏయే పరీక్షలకు గుర్తింపు ఉందో చెప్పే స్కోప్ అనే కాగితంలో ఈ పరీక్ష పేరుండాలి. మామూలు రోజుల్లో దీనికి నెలలు పడుతుంది. అందుకే, మహమ్మారి ఏదీ లేని ఈ రోజుల్లోనే హెపటైటిస్ సి వైరల్ లోడ్ లాంటి ఒక ఆర్ఎన్ఏ పరీక్షకి స్కోప్ తీసుకుని పెట్టుకోండి. రోజుకు నాలుగు శాంపిళ్లు వచ్చినా పర్వాలేదు. ఆ కాగితం చేతిలో ఉన్నవాడు రేపు వరుసలో ముందుంటాడు. ఐఎస్ఓ 15189 (మెడికల్ ల్యాబుల నాణ్యతా ప్రమాణం) ప్రకారం రాసుకోవాల్సిన క్వాలిటీ మాన్యువల్, ఎస్ఓపీలు (ఏ పని ఎలా చేయాలో రాసిన కాగితాలు) పక్క ల్యాబ్ నుంచి కాపీ కొట్టొద్దు, వాళ్ల ఫ్రీజర్ నంబర్లు కూడా మీ మాన్యువల్‌లోకి వచ్చేస్తాయి (నవ్వకండి, చూశాను).

ఎన్ఏబీఎల్ కంటే ముందు కావాల్సినవి రెండున్నాయి, స్థానికంగా. ఒకటి డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద, తెలంగాణలో కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద. రెండోది పొల్యూషన్ బోర్డు ఆథరైజేషన్. 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల కింద ఫారం 2లో దరఖాస్తు చేయాలి, దానికి జతగా చెత్త తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం కాపీ. ఈ ఒప్పందంలో రోజుకు ఎన్ని కిలోలని రాశారో చూసుకోండి. ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌కి రాసినట్టు రాసేసి, రోజూ వేల ట్యూబులు, టిప్పులు, పీపీఈ కిట్లు బయటికి పంపితే ఆ బండివాడు మూడో రోజు ఎక్కించుకోడు.

చెత్త మాట వచ్చింది కాబట్టి, ఫారంలో ఎక్కడా అడగని సంగతి ఒకటి. ఆర్ఎన్ఏ తీయడానికి వాడే లైసిస్ బఫర్‌లో (వైరస్‌ని పగలగొట్టే ద్రవంలో) గ్వానిడిన్ ఉప్పులుంటాయి. దాని మీద హైపోక్లోరైట్, అంటే మన బ్లీచ్ ద్రావణం పోస్తే విషవాయువులు పుడతాయి. అన్నిటికీ ఒక శాతం హైపోక్లోరైట్ అని గోడ మీద బోర్డు రాసి పెట్టే అలవాటు ఉంది కదా, ఆ బోర్డు కింద ఈ ద్రవానికి వేరే క్యాన్ అని ఎర్రగా రాయండి. కల్చర్లు, మిగిలిన శాంపిళ్ల లాంటి ల్యాబ్ చెత్తని బయటికి పంపేముందు అక్కడికక్కడే ఆటోక్లేవ్ లాంటి పద్ధతిలో శుద్ధి చేయాలన్నది నియమం కూడా.

ఇక గదులు. బీఎస్ఎల్-2 స్థాయి (ల్యాబ్ భద్రతలో రెండో మెట్టు) ఉండాలి, క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ (గాలి వడగడుతూ శాంపిల్ నుంచి మనిషిని కాపాడే పెట్టె) ఉండాలి, దానికి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. రీఏజెంట్లు కలిపే గది, శాంపిల్ తెరిచి ఆర్ఎన్ఏ తీసే గది, దాన్ని ప్లేటులో వేసే చోటు, మిషన్ గది, ఇలా పని ఒకవైపుకే సాగాలి, వెనక్కి రాకూడదు. మిషన్ గదిలోంచి వచ్చిన మనిషి అదే కోటుతో రీఏజెంట్ గదిలోకి వెళ్లాడంటే ఆ రోజు ఖాళీ నీళ్లకి కూడా పాజిటివ్ వస్తుంది. ప్లాన్ గీసేటప్పుడు బాణం గుర్తులు వేసి పంపమంటారు. మేం ముందు గదులు కట్టించి తర్వాత బాణాలు వేశాం, గోడ పగలగొట్టించాల్సి వచ్చింది. ఇంకోటి, గదులన్నిటికీ కలిపి ఒకే ఏసీ డక్ట్ పెట్టిస్తానంటాడు కాంట్రాక్టరు, చవకని. ఒప్పుకోవద్దు.

దరఖాస్తులో రోజుకు ఎన్ని పరీక్షలు చేయగలరు అని ఒక గడి ఉంటుంది. చాలామంది అక్కడ నోటికొచ్చిన అంకె వేస్తారు. పది వేలని వేసేముందు ఒక్కసారి లెక్క చూడండి. ఒక ప్లేటుకి 96 గుంతలు, కంట్రోళ్లకి (పరీక్ష సరిగా పనిచేస్తోందో చూసుకునే శాంపిళ్లకి) రెండు తీసేస్తే 94. పది వేలకి 107 ప్లేట్లు. ఒక రన్ రెండు గంటలకు తక్కువ కాదు, లోడింగ్ కలుపుకుంటే రోజంతా తిప్పినా మిషన్‌కి ఎనిమిది ప్లేట్లు దాటితే గొప్ప. అంటే పద్నాలుగు మిషన్లు, పైన ఒకటి రెండు స్పేర్. సరే, డబ్బుంటే అవి దొరుకుతాయి. ఇప్పుడు ఫారాలు లెక్కపెట్టండి. ప్రతి శాంపిల్‌తో ఒక స్పెసిమెన్ రిఫరల్ ఫారం వస్తుంది, పేరు, వయసు, ఫోన్ నంబరు, అడ్రసు, లక్షణాలు, అన్నీ ఐసీఎంఆర్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఫారానికి రెండు నిమిషాలనుకున్నా పది వేల ఫారాలకు 333 గంటలు, అంటే ఎనిమిది గంటల షిఫ్టులో నలభై ఇద్దరు ఆపరేటర్లు. టెక్నీషియన్ల గురించి రాత్రంతా ఆలోచించిన మేం వీళ్ల కోసం వేసింది మూడు కుర్చీలు! శాంపిళ్లు సాయంత్రానికే అయిపోయేవి, రిపోర్టులు తెల్లారినా వెళ్లేవి కావు, ఫోన్లు మాత్రం ఆగేవి కావు. శాంపిల్ తీసే చోటే ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కించే పద్ధతి వచ్చాక కాస్త ఊపిరాడింది. ట్యూబు మీద నంబరు, ఫారం మీద నంబరు ఒకటే ఉండాలి, చేత్తో రాయించకండి, బార్‌కోడ్ పెట్టండి.

పెద్ద ఆటోమేటిక్ మిషన్ కొంటే ఈ గొడవంతా ఉండదు కదా అంటారు. 2020 మే నెలలో ఢిల్లీ ఎన్‌సీడీసీలో (కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థలో) పెట్టిన కోబాస్ 6800 అనే ఆటోమేటిక్ మిషన్ రోజుకు 1,200 శాంపిళ్లు చేసేదని చెప్పారు, జులై 27న నోయిడా, ముంబై, కోల్‌కతాల్లో ప్రారంభమైన ల్యాబులు ఒక్కొక్కటీ రోజుకు పది వేలు దాటి చేయగలవన్నారు. బాగానే ఉంది. కానీ అలాంటి మిషన్‌కి ఆ కంపెనీ కిట్లే కావాలి, ప్రపంచమంతా అవే అడుగుతున్నప్పుడు మన వంతు ఎప్పుడొస్తుందో తెలీదు. నా మటుకు నేను, సగం ఆటోమేటిక్, సగం ఏ కిట్టుకైనా ఒప్పుకునే ఓపెన్ మిషన్లు అంటాను. హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లయితే అసలు ఆర్ఎన్ఏ తీసే మెట్టునే తీసేసి డ్రై స్వాబ్ (ద్రవంలో వేయని పొడి పుల్ల) పద్ధతి తెచ్చారు, దానికి 2020 నవంబరులో ఐసీఎంఆర్ ఒప్పుకుంది. శాంపిళ్లు కలిపి పరీక్షించే పూలింగ్‌కి ఐదు వరకే, అదీ పాజిటివ్ శాతం రెండు కంటే తక్కువ ఉన్న ప్రాంతాల్లోనే అని 2020 ఏప్రిల్‌లోనే చెప్పారు. కేసులు ఎక్కువున్న ఊళ్లో సామర్థ్యం పెంచుకోడానికి పూలింగ్ చేస్తామని దరఖాస్తులో రాస్తే అది మీకే ఎదురు తిరుగుతుంది.

అనుమతి లెటర్, పోర్టల్ లాగిన్ వచ్చాయంటే పని అయిపోయినట్టు కాదు. కొన్ని పాజిటివ్, కొన్ని నెగటివ్ శాంపిళ్లు ఐసీఎంఆర్ చెప్పిన క్వాలిటీ ల్యాబ్‌కి పంపి సరిచూయించుకోవాలి, తర్వాత కూడా పంపుతూ ఉండాలి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2021లో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్ దాదాపు 43 వేల మందికి తప్పుగా నెగటివ్ ఇచ్చి ఉండొచ్చని తేలింది. హైదరాబాద్‌లో కూడా 2020 జూన్‌లో ప్రైవేటు ల్యాబులకు అనుమతులొచ్చిన కొద్ది రోజులకే వైద్యశాఖ కమిటీ తనిఖీలు చేసి లోపాలు చూపించింది.

బ్యాంకు లోను తీసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. 2020 మార్చిలో ఒక్కో పరీక్షకి ఐసీఎంఆర్ పెట్టిన గరిష్ఠ ధర 4,500 రూపాయలు. మేలో ఆ పరిమితి తీసేసి రాష్ట్రాలకు వదిలేసింది. జూన్‌కి తెలంగాణ 2,200 చేసింది, అదే ఏడాది చివరికి 850. ప్రాజెక్టు రిపోర్టులో మొదటి నెల ధర వేసి పన్నెండుతో గుణించినవాళ్లు ఈఎంఐలకు చాలా ఇబ్బంది పడ్డారు.

ఇంకొక గడి. రిపోర్టు మీద సంతకం చేసే అధికారం ఉన్న డాక్టరు పేరు అడుగుతారు, మాలిక్యులర్ వైరాలజీ అనుభవంతో సహా. మేం ఒక్కరి పేరే ఇచ్చాం. రెండో నెలలో ఆయనకే పాజిటివ్ వచ్చి ఇంట్లో ఉండిపోయారు, ఇంకొకరి పేరు చేర్చమని మెయిల్ పెట్టి జవాబు వచ్చేదాకా శాంపిళ్లన్నీ మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో పెట్టి, కరెంటు పోకుండా జనరేటర్ దగ్గర ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాం. ఆ గడిలో ఇద్దరి పేర్లు రాయండి.